అద్దెకుండేవాళ్ళకి దోషం లేదట

"అద్దెకుండేవోళ్ళకి దోసం తగలదంట మేడమ్. అందుకని మా బావగారు హాస్టలోళ్ళకి ఇచ్చేత్తన్నారు."

ఆవిడ ఈ మాట అంటున్నప్పుడు నేను తల వంచుకుని ఆవిడ పిల్లల వయసు రాసుకుంటున్నాను. పెన్ను అక్కడే ఆగిపోయింది. అంతవరకూ ఆవిడ చెప్పినదంతా విచారంగా ఉందే తప్ప, అందులో నాకు భయపెట్టేది ఏమీ కనిపించలేదు. ఈ ఒక్క మాట మాత్రం భయపెట్టింది. ఎదురుగా ఉన్న ఆవిడకి ఏమీ తెలియలేదు. బావగారు ఇల్లు ఊరికే పాడుపెట్టకుండా ఏదో మంచి ఆలోచన చేశారన్నట్టే చెప్పింది.

కోర్టుకి వెళ్ళడం మానేసి ఏడాది దాటింది. ఇప్పుడు ఇంటి దగ్గర నుంచి ఒక కంపెనీకి ఒప్పంద పత్రాలు చూసిపెడుతున్నాను. ఈమధ్య మా లా కాలేజీ నుంచి బయటికొచ్చిన అమ్మాయిలిద్దరు వచ్చి, "అక్కా, మొదట్లో మీరు చూసిన కేసుల్లో ఏది గుర్తుంది?" అని అడిగారు. కోర్టులో వాదించిన వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు. కోర్టు దాకా వెళ్ళని ఇదే గుర్తొచ్చింది. పిల్లలు పడుకున్నాక, మధ్యలో లేచి వాళ్ళ దుప్పట్లు సర్దివస్తూ ఇది రాస్తున్నాను. పేర్లు మాత్రం ఎవరివీ చెప్పను.

అప్పుడు ద్వారకా నగర్‌లో ఒక సీనియర్ లాయరు గారి దగ్గర జూనియర్‌ని. కింది అంతస్తులో కోచింగ్ సెంటరు. మేం క్లయింటుతో మాట్లాడుతుంటే నేల కింద నుంచి లెక్కల పాఠం వినిపించేది. శనివారం మధ్యాహ్నాలు మా సీనియరు ఫీజు తీసుకోకుండా సలహాలు చెప్పేవారు. వచ్చినవాళ్ళని ముందు నేను కూర్చోబెట్టి సంగతి రాసుకోవాలి, తర్వాత ఆయన దగ్గరికి పంపాలి. అడిగేవి చాలావరకు అవే ప్రశ్నలు. పెళ్ళయిన కూతురికి వాటా ఉంటుందా? నామినీ అని రాస్తే ఆస్తి మొత్తం వాళ్ళదేనా? ఓనరు నేను లేనప్పుడు తాళం మార్చేస్తే ఎవరికి చెప్పుకోవాలి? ఇంటి పన్ను ఎవరి పేరు మీద వస్తే ఇల్లు వాళ్ళదేనా? ఈ చివరి ప్రశ్నకి మా సీనియరు ప్రతి శనివారమూ అదే ఓపికతో, "కాదండీ, కాదు, పన్ను కట్టినంత మాత్రాన ఇల్లు రాదు" అనేవారు. మా గుమస్తా పక్క గదిలోంచి ఆయన కంటే ముందే, అదే గొంతుతో, ఆ వాక్యం అనేసి నవ్వేవాడు.

ఆ శనివారం వచ్చినావిడకి ముప్పై ఉంటాయేమో. భర్త పోర్టులో క్రేన్ మీద పని. డ్యూటీలో ఉండగా గుండె నొప్పి వచ్చి అక్కడికక్కడే పోయాడు. ఇల్లు మద్దిలపాలెంలో, డిపో వెనక సందులో. మామగారు కట్టించింది. ఆయన కొన్నేళ్ళ కిందటే వీలునామా రాయకుండా పోయారు. ఇంట్లో అత్తగారు, ఈవిడ, ఇద్దరు పిల్లలు. బావగారికి స్టీల్ ప్లాంటు ఉద్యోగం, క్వార్టర్సులో ఉంటాడు.

భర్త పోయింది చెడ్డ నక్షత్రంలో అని తేలింది. అలాంటి నక్షత్రంలో మనిషి పోతే ఆ ఇల్లు ఆరు నెలలు విడిచిపెట్టాలని మనవైపు చాలామందికి నమ్మకం. విడిచిపెట్టకపోతే ఇంట్లో ఇంకో ప్రాణానికి ముప్పంటారు. కర్మ అయిపోయిన వెంటనే ఈవిడ పిల్లల్ని కన్నవారింటికి, శ్రీకాకుళం వైపు పల్లెకి పంపేసింది. సామాన్లు కూడా కట్టేసింది. అత్తగారు పెద్దకొడుకు క్వార్టర్సుకి వెళ్ళాలి, ఈవిడ పిల్లల దగ్గరికి వెళ్ళాలి. ఆవిడ మా దగ్గరికి వచ్చింది ఇల్లు గురించి కాదు. పిల్లల్ని ఏడాది మధ్యలో పల్లెలో బడికి వెయ్యాలంటే తండ్రి మరణ ధ్రువపత్రం అడుగుతారా అని కనుక్కోడానికి.

"హాస్టల్ వాళ్ళతో అగ్రిమెంటు ఎవరు రాస్తున్నారు?" అని అడిగాను.

"మా బావగారే మేడమ్. ఇంటి పన్ను ఆయన పేరునే వత్తాది కదా."

పక్క గదిలోంచి గుమస్తా తల బయటికి పెట్టి నా వైపు చూశాడు.

సీనియరు అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "చూడమ్మా. మామగారు వీలునామా రాయలేదు కాబట్టి ఇల్లు మీ అత్తగారికీ ఇద్దరు కొడుకులకీ సమానంగా వచ్చింది. మీ ఆయన వంతు ఇప్పుడు నీకూ, నీ పిల్లలిద్దరికీ, మళ్ళీ మీ అత్తగారికీ వస్తుంది. నువ్వు ఆ ఇంట్లో ఎవరి దయ మీదా ఉండట్లేదు."

"మరి ఆరు నెల్లయ్యాక వచ్చీసి మా గదుల్లో మేం ఉండొచ్చు కదా బాబూ?"

"అప్పుడు ఆ గదుల్లో హాస్టల్ పిల్లలుంటారు. నువ్వెవరమ్మా, మేం ఫలానా ఆయన దగ్గర అద్దెకి తీసుకున్నాం అంటాడు హాస్టల్ ఆయన. అద్దెకున్నవాణ్ణి కోర్టు ద్వారానే ఖాళీ చేయించాలి. అది తప్పు కూడా కాదు, వాడికీ రక్షణ ఉండాలిగా. మీ బావగారేమో, తనంతట తనే సామాను కట్టుకుని వెళ్ళింది, నేనేమైనా గెంటానా అంటాడు. నిజమే కదా. నీ వాటా ఎక్కడికీ పోదు. దానికోసం కేసు వేస్తే గెలుస్తావు కూడా. ఈలోగా పిల్లలు ఎంత ఎత్తు పెరుగుతారో నేను చెప్పలేను."

ఆయన పద్ధతి అంతే. భయపెట్టరు, ఊరడించరు. ఇప్పుడే కదలకుండా ఇంట్లో ఉండి, అద్దెకివ్వకుండా ఆపమని ఒక ఇంజంక్షన్ వేద్దామన్నారు, బావగారితో పాటు అత్తగారినీ అందులో చేర్చాలన్నారు. ఆవిడ లేచి నిలబడింది.

"మా అత్త మీద కేసా? నా వల్ల కాదు."

బయటికొచ్చాక నా బల్ల దగ్గర ఆగింది. గుమస్తా కూజాలోంచి మంచినీళ్ళు వంచి ఇచ్చి, "ఆ నక్షత్రం మామూలుది కాదమ్మా. మా పెదనాన్న పోయినప్పుడు ఇల్లు ఇడవకపోతే గేదె సచ్చిపోయింది" అన్నాడు.

"గేదె ముసలిదేమో" అన్నాను.

"ముసలిదే. ఐనా పాలిచ్చేది."

ఆవిడ నవ్వలేదు. నా బల్ల అద్దం కింద నేను పెట్టుకున్న మా పిల్లల ఫొటో చూస్తోంది. "మేడమ్, మీరైతే మీ పిల్లల్ని పెట్టుకుని ఆ ఇంట్లో ఉంటారా?"

లా కాలేజీలో ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగరు. నేను ఇలాంటివి నమ్మనని నలుగురిలో అంటాను. కానీ మా చిన్నదానికి కాస్త ఒళ్ళు వెచ్చబడితే మా అమ్మ దిష్టి తీస్తుంటే వద్దనకుండా పక్కన నిలబడేదాన్ని. ఉంటానని అంటే అబద్ధం. ఉండనంటే ఆవిడ ఆ సాయంత్రమే బస్సెక్కేస్తుంది. "నాకు తెలీదు" అన్నాను. సలహా కోసం వచ్చిన మనిషికి లాయరు ఇవ్వకూడని జవాబు అదే అంటారు మా సీనియరు.

సోమవారం ఆవిడ బావగారితో కలిసి వచ్చింది. మనిషి నెమ్మదస్తుడు. చెప్పులు బయటే విడిచి వచ్చాడు. తమ్ముడి పేరు ఎత్తినప్పుడల్లా కళ్ళు తుడుచుకున్నాడు, అది నటన కాదు. ఆయన ఒక మధ్యేమార్గం తెచ్చాడు.

"మరదలికి ఎల్లడం ఇష్టం లేదంట. సరే, ఉండమనండి. అద్దెకున్నోళ్ళకి దోసం లేదు కదా. నాకు అద్దెకున్నట్టు ఒక కాయితం మీద సంతకం పెట్టమనండి, పేరుకే. నాకు పైసా అక్కర్లేదు. అమ్మకీ మనసు కుదుటపడతాది."

ఆవిడ ముఖం తేటపడింది. పిల్లలకి ముప్పు లేదు, ఇల్లు విడవక్కర్లేదు, అత్తగారికి కోపం రాదు. నాకు మాత్రం శనివారం నాటి భయం రెండింతలైంది. ఎందుకంటే ఆ కాగితం మీద సంతకం పెడితే, ఆయన ఓనరనీ తను అద్దెకున్న మనిషిననీ ఆవిడే ఒప్పుకున్నట్టు. రేపు 'ఇల్లు నీ ఒక్కడిదే కాదు' అని ఆవిడ అంటే, అద్దెకున్న మనిషి ఓనరు హక్కుని ప్రశ్నించకూడదన్న సూత్రమే ముందుగా ఆవిడకి అడ్డుపడుతుంది.

ఈ మాట చెప్పాను. బావగారు నా వైపు కాకుండా మరదలి వైపు చూశాడు. "సూసావా? నాను మంచి సెప్పినా సెడ్డగానే ఇనిపిత్తాది."

ఆయన వెళ్ళాక ఆవిడకి నా మీద కోపం వచ్చింది. "మీ మాట ఇంటే పిల్లలికి భయం. ఆయన మాట ఇంటే ఇల్లు పోద్ది. నానేటి సెయ్యాల, మీరే సెప్పండి."

నా దగ్గర చట్టం అయిపోయింది. అలవాటు ఒకటే మిగిలింది. సాక్షి ఏదైనా చెప్పగానే, నీకెలా తెలుసు అని అడగడం. అదే అడిగాను. ఇల్లు మొత్తం విడవాలని ఎవరు చెప్పారు?

"పంతులుగారు."

"మీతో చెప్పారా?"

"మా అత్తతో."

అత్తగారికి ఫోను చేయించాను. పంతులుగారు ఆవిడతోనూ చెప్పలేదు. పెద్దకొడుకు పంతులుగారిని అడిగి తల్లికి చెప్పాడు, తల్లి కోడలికి చెప్పింది. ఇంటిల్లిపాదీ సామాను సర్దుకుంటున్నారు, ఒక్కరూ ఆ పంతులుగారి ముఖం చూసి అడగలేదు. అద్దెకున్నవాళ్ళకి దోషం లేదన్న మాట ఎవరు మొదలుపెట్టారో కూడా ఎవరికీ తెలియదు.

లోపలికెళ్ళి సీనియరుకి చెప్పాను. ఆయన, "అబ్బాయి పోయింది పోర్టులో కదా? ప్రాణం పోయిన చోటు విడవాలంటే పోర్టు మూసెయ్యాలి, ఇల్లెందుకు?" అన్నారు. తర్వాత, "నువ్వు వెళ్ళు. లాయరుగా కాదు, తోడుగా వెళ్ళు. ముసలావిణ్ణి తీసుకెళ్ళు. కోడలు అడిగితే నమ్మరు" అన్నారు.

ఆ కాగితం మీద సంతకం పెట్టకపోతే మర్నాడే హాస్టల్ మంచాలు దిగుతాయని ఆవిడ అప్పుడు చెప్పింది. అంతవరకూ నేను అడగలేదు, ఆవిడకి చెప్పాలని తోచలేదు.

మర్నాడు పొద్దున్నే అత్తగారిని, కోడలిని ఆటోలో ఎక్కించుకుని పంతులుగారింటికి వెళ్ళాను. అత్తగారు చిన్న మనిషి. నన్ను ఎగాదిగా చూసి, "లాయరమ్మవి నీకెందుకే మా సావుల గోల? పిల్లలున్నారా నీకు?" అంది. ఇద్దరని చెప్పాను. "అయితే ఈ సావు మాటలు నీకొద్దు, గుమ్మం బయటే ఉండు" అంది. ఉన్నాను.

పంతులుగారు అరుగు మీదే మాట్లాడారు కాబట్టి అంతా వినిపించింది.

"మీ పెద్దబ్బాయి ఫోన్ చేశాడమ్మా. రెండు పక్షాలున్నాయని చెప్పాను. ప్రాణం పోయిన చోటుకే దోషమని కొందరు, తెచ్చి పడుకోబెట్టిన చోటుకి కూడా అని కొందరు. లాయర్లకి లేవూ, అలాగే మాకూను. మీ వాడు పోయింది ఇంట్లో కాదు. అయినా మనసు పీకుతుంటే అబ్బాయిని తెచ్చి పడుకోబెట్టిన ఆ హాలు ఒక్కటి ఆరు నెలలు మూసిపెట్టి శాంతి చేయించుకోమన్నాను. ఇల్లంతా విడవమనలేదు."

"అద్దెకున్నోళ్ళకి దోసం లేదని..."

"అది నా మాట కాదు. అద్దెకుండేవాళ్ళు మనుషులు కారా?"

ముసలావిడ కొంగు సర్దుకుంది. "ఆడు సరిగ్గా ఇనుండడు" అంది. "ఫోన్లో ఏటినిపిత్తాది." పంతులుగారు అవునన్నట్టు తల ఊపారు. కోడలు ఏమీ అనలేదు. ఆ సమయంలో ఒక్క మాట అన్నా అంతా చెడిపోయేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. నేను నోరు తెరవబోయి, కోడలిని చూసి మూసుకున్నాను.

ఆటోలో ముసలావిడ దారంతా బయటికే చూస్తూ కూర్చుంది. డిపో దాటి సందు తిరిగేసరికి ఇంటి ముందు మినీ లారీ ఆగి ఉంది. ఇనప మంచాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. హాస్టల్ ఆయన ఒకటి దించుతున్నాడు, బావగారు రెండో వైపు పట్టుకున్నాడు. వీధి తలుపు బార్లా తీసి ఉంది. ఆ తలుపు నేరుగా హాల్లోకి తెరుచుకుంటుంది.

ముసలావిడ ఆటో దిగి కొడుకు వైపు వెళ్ళలేదు. మనిషి మాత్రమే పట్టే పక్క సందులోంచి దొడ్డి వైపు వెళ్ళిపోయింది. మేం వెనకే పరుగెత్తాం. వంటింట్లోంచి హాల్లోకి వెళ్ళి, వీధి తలుపు రెక్కలు రెండూ దగ్గరకి లాగి లోపల గడియ పెట్టేసింది. కిటికీలు మూసింది. దీపాలగూటికి దండం పెట్టుకుని, మమ్మల్ని వంటింట్లోకి తోసి, మధ్య తలుపు కూడా మూసి గొళ్ళెం వేసింది.

బయట మంచం నేల మీద పెట్టిన చప్పుడు. "అమా! తలుపెట్టీసినావేటి? తియ్యి."

"పంతులుగారు ఈ గది మూసీమన్నారు" అంది ముసలావిడ వంటింట్లోంచే, గట్టిగా. "ఆరు నెల్లదాకా తియ్యను."

"మరి మంచాలెలా తేవాల?"

"నాకేటి తెలుసు. గది మూసీమన్నారు, మూసీసినాను."

నేను దొడ్డి దారినే బయటికి వచ్చాను. హాస్టల్ ఆయన నన్ను చూడగానే పక్కకి పిలిచాడు. నల్ల కోటు లేదు, అయినా లాయర్లని ఎలాగో పోల్చేస్తారు. "ఏటి మేడమ్, పేచీ ఉందేటి?" వారసులు ఐదుగురున్నారనీ, అందులో ఇద్దరు మైనర్లనీ, ఒక్కరు అగ్రిమెంటు రాసిచ్చినా మిగిలినవాళ్ళు ఒప్పుకోలేదనీ చెప్పాను. మైనర్లన్న మాట వినగానే ఆయన దించిన మంచాన్ని మళ్ళీ లారీలోకి ఎత్తించాడు. "బాబూ, చిన్నపిల్లల ఆస్తిలో నన్ను ఇరికించకు. ఇంకో ఇల్లు సూసుకుంటాను" అని లారీ ఎక్కి కూర్చున్నాడు.

లారీ వెళ్ళాక బావగారు మూసిన తలుపు ముందు మెట్టు మీద కూలబడ్డాడు. నేను వెళ్ళిపోతే బాగుండునని ఆయనకి ఉంది, వెళ్ళిపోవాలని నాకూ ఉంది. ఆటో వచ్చేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.

"ఈ ఇంటికి ఇటుకలు నాను మోసినాను మేడమ్. ఆడు అప్పుడు సిన్న గుంటడు. ఇసకలో ఆడుకునేవోడు" అన్నాడు.

"మీ వాటా ఎవరూ తీసుకోరండి."

"వాటా, వాటా అంటారు మీరు" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆయన్ని దొంగ అనుకుంటే నాకు పని తేలికయ్యేది. కానీ ఆయన నమ్మింది ఆయన నమ్మాడు. కష్టపడ్డవాడిదే ఇల్లని, పన్ను కడుతున్నవాడిదే ఇల్లని. తల్లికి అబద్ధం చెప్పాడా, వినాలనుకున్నదే విన్నాడా అన్నది నేను తేల్చలేదు, ఎవరూ తేల్చమనలేదు. తర్వాత కొన్నాళ్ళకి మా సీనియరు అందరినీ కూర్చోబెట్టి ఎవరి భాగం ఏదో రాయించారు. ఆ రోజు కూడా ఆయన చెప్పులు బయటే విడిచి వచ్చాడు. మరదలు టీ ఇస్తే తాగాడు.

చెల్లెళ్ళూ, మీరు చేరబోయే ఆఫీసుల్లో సెక్షన్లు మీకు వాళ్ళే చెబుతారు. నేను చెప్పేది చిన్నది. ఇంటికి సంబంధించిన గొడవలో, ఎవరు చెప్పారు అని అడిగి ఆగకండి. వాళ్ళకి ఎవరు చెప్పారని కూడా అడగండి. మనిషి నమ్మకాన్ని చూసి నవ్వకండి. మా కేసులో ఆ నమ్మకమే తలుపు గడియ పెట్టింది, కోర్టు ఇంజంక్షన్ అంత త్వరగా వచ్చేది కాదు.

ఆ రోజు నేను బయలుదేరుతుంటే కోడలు దొడ్డి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. కట్టిన సామాన్లు ఇంకా విప్పలేదు. "పిల్లల్ని రేపు తెచ్చీమంటాది అత్త" అంది. భయం పోలేదని ముఖం చూస్తే తెలుస్తోంది. లోపలి నుంచి ముసలావిడ, "గుంటలు నాకు సెరో పక్కన పడుకుంటారు. వచ్చేది ఏదైనా ముందు నా మీంచి రావాల" అంది. కోడలు అప్పుడు వంగి మొదటి మూట ముడి విప్పడం మొదలుపెట్టింది.

ఇంటికి వెళ్ళేసరికి మా అమ్మ గుమ్మంలోనే ఆపింది. "ఆ నక్షత్రం ఇంట్లోకి వెళ్ళొచ్చి పిల్లల్ని ముట్టుకుంటావా? తలస్నానం చేసి రా." చేశాను. వాదించలేదు. తల తుడుచుకుంటూ అమ్మకి జరిగిందంతా చెప్పాను. పిల్లలు హోంవర్కు చేసుకుంటున్నారనుకున్నాను, వింటున్నారు.

మర్నాడు పొద్దున్న ఇడ్లీ తింటూ పెద్దది అడిగింది. "అమ్మా, ఆ ఇంట్లో దెయ్యం ఉందా?" చిన్నది నమలడం ఆపి నా వైపు చూసింది.

"లేదు" అన్నాను. "ఆ ఇంట్లో వాళ్ళ నాన్న లేడు. అమ్మ ఉంది, నాయనమ్మ ఉంది. పిల్లలు ఇవాళ వాళ్ళింటికి వస్తున్నారు. తినండి, ఆటో వచ్చేస్తుంది."